వంతు నీళ్ళ రాత్రి మీరేం ఆలోచించారు?

ప్రశ్న: అక్కగారికి నమస్కారం. మాది అమలాపురం దగ్గర ఒక పల్లెటూరండి. నాకు 68 ఏళ్ళు. హైస్కూల్లో లెక్కల మాస్టారిగా చేసి 2017లో రిటైరయ్యాను. రెండెకరాల కొబ్బరితోట ఉంది. ఎకరంన్నర వరిచేను మొన్నమొన్నటిదాకా నేనే చూసుకునేవాణ్ణి. దాళ్వాలో, అదే రెండో పంటలో, వంతు నీళ్ళకి అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని వెళ్ళేవాణ్ణి. మూడేళ్ళ క్రితం కౌలుకిచ్చేశాను. అబ్బాయి డల్లాస్‌లో, అమ్మాయి హైదరాబాద్‌లో. వాళ్ళ కోసమని మేడ మీద రెండు గదులు వేసి, ఏసీలు పెట్టించి, మంచి మంచాలు చేయించాను. పోయిన సంక్రాంతికి వచ్చి నాలుగు రాత్రులున్నారు. మేమిద్దరం కిందే ఉంటాం, మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు.

పొద్దున్నంతా వసారాలో కూర్చుంటే పాత రోజులే గుర్తొస్తాయి. రాత్రయితే రేపటి భయం. ఇద్దరిలో ఎవరు ముందు మంచాన పడతాం, పడితే చూసేదెవరు అని. సాయంత్రాలు కాలువ లాకుల దగ్గర అయిదుగురం కూర్చునేవాళ్ళం. ముగ్గురు వెళ్ళిపోయారు. నేనూ మానేశాను. 2027 పుష్కరాలకి పిల్లలంతా వస్తామన్నారు. అప్పటికి నాకు డెబ్బై, ఉంటామో లేదో. మనవడు ఒక వీడియో పంపాడు, ‘తాతయ్యా, ప్రెజెంట్‌లో బతకాలి’ అని. కళ్ళు మూసుకుని పది నిమిషాలు శ్వాస గమనించమన్నారు అందులో. నాలుగు రోజులు చేశాను. రెండో నిమిషానికే మనసు మోటారు షెడ్డు దగ్గరికి పోయేది. ఈ క్షణంలో బతకడం అంటే ఏమిటో మన ఊరి మాటల్లో చెప్పండి.

జవాబు: తమ్ముడుగారూ,

మీ మనసు మోటారు షెడ్డు దాకానే వెళ్ళింది, అదృష్టవంతులు. నన్ను శ్వాస గమనించమంటే 1974లో మా పెళ్ళిలో కందబచ్చలి కూరలో రెండుసార్లు ఉప్పేసిన వంటవాడి దగ్గరికి వెళ్తుంది. ఆయన మీద కోపం ఇంకా అలాగే ఉంది. నా వయసు 71.

ముందు ఒక సంగతి. మనసు పారిపోవడం ముసలితనం తెచ్చిన జబ్బు కాదు. 2010లో అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్ళు కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అని ఇద్దరు ఒక పరిశోధన అచ్చువేశారు. 2,250 మందిని రోజులో ఎప్పుడు పడితే అప్పుడు ఫోన్లోనే ‘ఇప్పుడేం చేస్తున్నారు, మనసెక్కడుంది, ఎలా ఉన్నారు’ అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు. వాళ్ళలో చాలామంది మీకంటే ఎంతో చిన్నవాళ్ళు. వీడియో పంపిన మీ మనవడు కూడా ఆ లెక్కలోకే వస్తాడు, వాడికి చెప్పకండి. వాళ్ళకి ఇంకోటి కూడా తేలింది. చేస్తున్నది విసుగు పని అయినా సరే, మనసు అక్కడున్నప్పుడే మనిషి కాస్త బాగున్నాడు. ఎక్కడికో తీపి ఆలోచనల్లోకి పోయినవాడికి కూడా పని మీద ఉన్నవాడికంటే ఎక్కువ సంతోషమేమీ లేదు. లెక్కల మాస్టారు కాబట్టి అంకెలు చెప్పాను. ఇక మన ఊరి మాటల్లోకి వస్తాను.

మీరే రాశారు, దాళ్వాలో వంతు నీళ్ళకి అర్ధరాత్రి వెళ్ళేవాణ్ణని. ఆ రాత్రి ఒక్కటి గుర్తు తెచ్చుకోండి. గోదావరిలో నీరు తగ్గింది, కాలువలకి వంతులు పెట్టారు. మీ బోదెకి నీళ్ళొచ్చేది ఆ రాత్రి. గట్టు మీద లుంగీ ఎగగట్టి నిలబడ్డారు. ముందు నీళ్ళు కనపడవు, చప్పుడే వినపడుతుంది, ఎండిన మట్టి నీళ్ళు తాగే చప్పుడు. తర్వాత టార్చి వెలుగులో నీళ్ళ మొన కనపడుతుంది, ముందు గడ్డీ గాదం నెట్టుకుంటూ. పార పెట్టి మడవ తీస్తారు. పక్కన ఎక్కడో ఎండ్రకాయ బొక్కలోంచి నీళ్ళు అవతలి చేలోకి పోతుంటే పిడికెడు మట్టి తీసి కూరతారు. అది ఆగిందో లేదో వంగి చూస్తారు.

అప్పుడు మీరేం ఆలోచించారు? స్కూల్లో హెడ్‌మాస్టారితో గొడవా? అబ్బాయి ఫీజా? ఏదీ లేదు కదండీ. నిన్నటి వంతు నిన్ననే పోయింది. రేపటి వంతు ఇంకొకడిది. ఈ రాత్రి ఈ నీళ్ళు మీవి. కళ్ళు మూసుకోలేదు, శ్వాస లెక్కపెట్టలేదు. మీకు క్షణంలో ఉండడం చేతకాకపోవడమేమిటి, నలభై ఏళ్ళు దాళ్వా పండించారు! చేను కౌలుకిచ్చినప్పుడు చేనుతోపాటు ఆ అర్ధరాత్రులు కూడా ఇచ్చేశారు, అంతే. అటు స్కూల్లో గంట కొట్టేవాళ్ళు, ఇటు కాలువ పిలిచేది. ఇప్పుడు మిమ్మల్ని ఏదీ పిలవడం లేదు. పిలిచే పని లేకపోతే మనసు వసారాలో ఒంటరిగా కూర్చుంటుందా? వెళ్ళిపోతుంది.

చేను తిరిగి తీసుకోమని చెప్పను. 68లో రాత్రిపూట గట్ల మీద తిరగడం మంచిది కాదు, పాములుంటాయి. కానీ చేతులకి శ్రద్ధ కావలసిన పని రోజుకొకటి ఉండాలి. టీవీ పనికిరాదు, పేపరు సగమే పనికొస్తుంది. కాస్త తప్పితే చెడిపోయే పని కావాలి. నన్నడిగితే పనసపొట్టు కొట్టడం నేర్చుకోండి. నవ్వకండి. చేతికి నూనె రాసుకుని, లేత కాయ చెక్కు తీసి, ఎడంచేత్తో పట్టుకుని కుడిచేత్తో కత్తి వేస్తుంటే పొట్టు సన్నగా రాలాలి. పెద్ద పెద్ద ముక్కలు పడితే కూర పాడు. వేలికీ కత్తికీ మధ్య అంగుళం దూరం ఉన్నప్పుడు ఏ మనిషికీ పాత రోజులు గుర్తురావు. ఆవపెట్టి కూర చేయడం మాత్రం మీ ఆవిడకే వదిలేయండి. ఆవ ఎక్కువైతే మళ్ళీ నాకే ఉత్తరం రాస్తారు.

శ్వాస సంగతి. వదిలేయమని నేననను, కుదిరినవాళ్ళకి అది మంచిదే. మనసు మోటారు షెడ్డుకి పోవడం తప్పు కాదు. పోయిందని తెలిసి వెనక్కి తీసుకురావడమే ఆ వ్యాయామం. వీడియోలో ఆ మాట చెప్పే ఉంటారు, మీరు అప్పటికే షెడ్డులో ఉండి ఉంటారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది మేడ మీద గదుల దగ్గర.

ఏడాదికి నాలుగు రాత్రులు. లెక్క మీకు నేను చెప్పనక్కర్లేదు, మిగిలినవి 361. ఆ రాత్రులన్నీ మంచి మంచాలు పైన దుప్పట్లు కప్పుకుని పడుకున్నాయి. మీరిద్దరూ కింద ఫ్యాన్ గాలికి పడుకున్నారు. రోహిణి కార్తెలో మన దగ్గర ఉక్క ఎలా ఉంటుందో తెలుసు కదా, ఒళ్ళంతా జిగట, దిండు తడిసిపోతుంది, తెల్లారేదాకా విసనకర్ర. ఇంతకీ పిల్లలొచ్చేది సంక్రాంతికి. పుష్యమాసంలో వచ్చేవాళ్ళకి ఏసీ ఎందుకండీ?

మా వీధిలో ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. నరసాపురంలోనే కాదు, గోదావరికి ఇటూ అటూ ఏ ఊరెళ్ళినా అంతే. బయట రంగులేసిన పెద్ద ఇల్లు, గేటుకి తాళం, వెనక వంటింట్లో ఇద్దరు పెద్దవాళ్ళు. సొంతింటికి తామే వాచ్‌మన్లు. జీతం కూడా లేదు.

మోకాళ్ళ నొప్పులున్న ఆవిణ్ణి మెట్లెక్కించమని అనడం లేదు. ఏసీని కిందికి దించండి. మెకానిక్‌కి ఒక పూట పని. మంచి మంచాల్లో ఒకటి కిందికి రావాలి, ఎత్తు సరిచూసుకుని. మరీ కిందికున్న మంచం మీంచి లేవడం మోకాళ్ళకి శిక్ష. పైన రెండో గది ఎవరికైనా అద్దెకిచ్చే ఆలోచన చేయండి. సచివాలయంలో పనిచేసే పిల్లలు, బ్యాంకుల్లో కొత్తగా చేరినవాళ్ళు పల్లెటూళ్ళలో మంచి గది దొరక్క టౌను నుంచి తిరుగుతుంటారు. అద్దె డబ్బులు ఎంతన్నది పక్కనపెట్టండి. రాత్రి పదింటికి నెత్తి మీద ఒక మనిషి నడిచే చప్పుడుంటే మీ రాత్రి భయం సగం తగ్గుతుంది. పిల్లలొస్తే? ఒక గది ఖాళీగానే ఉంటుంది. చాలకపోతే కింద చాపలున్నాయి. నాలుగు రాత్రులకి ఏమీ కాదు, మనం అలాగే పెరిగాం.

మీది కొబ్బరి ఊరు, కురిడీ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. మా అత్తగారింట్లో అటక నిండా కాయ ఉండేది. పీచుతో సహా పోసి, ఎనిమిది నెలలో ఏడాదో కదపకుండా వదిలేసేవారు. లోపల నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలి, ఊపితే గటగటలాడేది. మామగారు నెలకోసారి నిచ్చెనెక్కి ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపేవారు. కొత్తకోడలిగా నేను కింద నిలబడి నిచ్చెన పట్టుకునేదాన్ని. ‘ఇంకా మాట్లాడ్డం లేదే’ అనేవారు. ఒకరోజు మాట్లాడేది. అంతే, ఆ వారంలోనే దించి, ఒలిపించి, అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకి పంపించేసేవారు. ఒక్క కాయ కూడా ముచ్చటకి ఉంచుకోలేదు. దాచడం తెలిసినవాడికి దించే రోజు కూడా తెలుసు. మీ మేడ మీద సామానుకి దించే రోజు ఎప్పుడో మీరు రాయలేదు.

నేనేదో తెలివైనదాన్నని ఇదంతా చెప్పడం లేదు. మావారికి ఒక చిన్న కోరిక ఉండేది. అంతర్వేది తీర్థానికి ఏటా వెళ్ళేవాళ్ళం. జనంలో తోసుకుంటూ దర్శనం చేసుకుని, జీళ్ళు కొనుక్కుని వచ్చేసేవాళ్ళం. ఆయన అనేవారు, ‘తీర్థం లేని రోజు వెళ్దామే. పంటు మీద గోదారి దాటి సఖినేటిపల్లిలో దిగి, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర గోదారి సముద్రంలో కలుస్తుంటే చూస్తూ కాసేపు కూర్చుందాం’ అని. ఎంత దూరమండీ అది? మా వీధి చివర గట్టు, గట్టు దిగితే పంటు రేవు. నేనేమన్నానో తెలుసా? ‘2015లో పుష్కరాలొస్తున్నాయి కదా, పిల్లలందరూ వస్తారు, అందరం కలిసే వెళ్దాం’ అన్నాను. పొద్దున పాలవాడు, పదింటికి పనమ్మాయి, మధ్యాహ్నం నా సీరియలు. నాకు తీరికేది?

ఆయన 2014 వేసవిలో వెళ్ళిపోయారు. 2015 జులైలో పుష్కరాలకి పిల్లలందరూ వచ్చారు, నేను చెప్పినట్టే. రేవులో ఆయనకి పిండం పెట్టారు.

అందుకే మీ ఉత్తరంలో 2027 చూడగానే కోపం వచ్చింది, మీ మీద కాదు. పన్నెండేళ్ళకి పుష్కరుడు వస్తాడు, సంతోషం, రానివ్వండి. గోదావరి రోజూ వస్తోంది. మీకు ఒకవైపు గౌతమి, ఒకవైపు వశిష్ఠ, మధ్యలో వైనతేయ. మూడు పాయల మధ్య ఇల్లు కట్టుకుని నీళ్ళు చూడడానికి రెండేళ్ళు ఆగుతారా? వచ్చే సోమవారమో మంగళవారమో ఒక ఆటో మాట్లాడుకుని ఇద్దరూ వెళ్ళి రేవులో కూర్చుని రండి. మెట్లు దిగొద్దు. ఫ్లాస్కులో కాఫీ పట్టుకెళ్ళండి.

రాత్రి భయాల మాటకొస్తే, ఆ భయం తప్పని నేననను. ఎవరో ఒకరం ముందు పడతాం, అది నిజమే. కానీ రాత్రి రెండింటికి దాన్ని తీర్చేవాళ్ళెవరూ లేరు. పగలు పదింటికి ఉన్నారు. పెన్ను పట్టుకుని ఆ భయంలో పనికొచ్చే ముక్కలు విడదీయండి. ఎవరు పడతారో మన చేతిలో లేదు గానీ ఎక్కడ పడతారో చాలావరకు ఉంది. బాత్రూమ్‌లో జారి పడకుండా చూసుకోవచ్చు. కాబట్టి గోడకి గట్టి స్టీలు హ్యాండిలు, నేల మీద జారని మ్యాటు, మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న లైటు. ఇది ఈ వారమే. కళ్ళు ఇద్దరూ చూపించుకోండి, శుక్లాలుంటే వాయిదా వేయకండి. చెవులు కూడా. సరిగ్గా వినపడక మాటలు తగ్గించేసి, ‘ముసలాయన మూడీ అయిపోయాడు’ అనిపించుకునేవాళ్ళు చాలామంది. ఆస్తి విషయం మనసులో నలుగుతుంటే వీలునామా రాసేయండి. ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే తర్వాత పిల్లలకి తలనొప్పి తక్కువ. రాసి బీరువాలో పెట్టాక దాని గురించి ఆలోచించడానికి ఏమీ మిగలదు.

ఒక్క మాట మాత్రం సీరియస్‌గా చెప్తాను. రెండు వారాలకి మించి ఏ పనీ చేయబుద్ధి కాక, తిండి సయించక, తెల్లవారుజామునే మెలకువ వచ్చి బతుకు బరువుగా అనిపిస్తుంటే అది తత్వం కాదు, డిప్రెషన్ కావచ్చు. దానికి మందులున్నాయి, పెద్ద వయసులోనూ తగ్గుతుంది. డాక్టరుకి చెప్పండి. సిగ్గనిపిస్తే ముందు 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వం నడిపే టెలి మానస్ అది, తెలుగులోనే మాట్లాడతారు. పెద్దవాళ్ళకి వేరే సాయం కావాలంటే ఎల్డర్ లైన్ 14567 ఉంది. రెండు నంబర్లూ క్యాలెండరు మీద రాసి పెట్టండి.

పాత రోజులు గుర్తురావడం గురించి నాకేమీ అభ్యంతరం లేదు. మన వయసుకి అది ఆస్తి. కాకపోతే మీరు దాన్ని ఒంటరిగా వసారాలో కూర్చుని నములుతున్నారు. అలా నమిలితే ప్రతిదీ ‘ఆ రోజులే వేరు’ అయిపోతుంది. నిజంగా అంత బాగుండేవా? 1986 ఆగస్టు వరదకి మీకు ముప్ఫై కూడా లేవు. లంక ఊళ్ళ వాళ్ళు ఎలా బతికి బయటపడ్డారో మీకు గుర్తుండే ఉంటుంది. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో కొబ్బరిచెట్లు ఎలా విరిగిపడ్డాయో, తెల్లారాక తోటలోకి వెళ్ళి ఏం చూశారో మీ మనవడికి తెలుసా? వాడితో వీడియో కాల్లో ‘తిన్నావా, చలిగా ఉందా’ తప్ప ఇంకేమైనా మాట్లాడతారా? వచ్చే ఆదివారం ఆ రాత్రి గురించి చెప్పండి. గాలి చప్పుడు ఎలా ఉండేదో, దీపం ఎక్కడ పెట్టారో, పిల్లల్ని ఏ మంచం కింద పడుకోబెట్టారో. ఒక మనిషి వింటుండగా చెప్తే పాత సంగతి కూడా ఇవాళ్టి పనే.

లాకుల దగ్గరికి మళ్ళీ వెళ్ళండి. అయిదుగురిలో ముగ్గురు పోతే ఇద్దరు మిగిలారు. మీరు మానేశారు, ఆ రెండో ఆయన? ఆయన కూడా సాయంత్రం చొక్కా వేసుకుని, ‘ఒక్కణ్ణే వెళ్ళి ఏం చేస్తాను’ అని విప్పేస్తున్నాడేమో. స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో లారా కార్స్టెన్సెన్ అనే ఆవిడ పెద్దవాళ్ళ మనసు మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. వయసు పెరిగేకొద్దీ మిగిలిన సమయం తక్కువని తెలిసి మనిషి పరిచయాలు తగ్గించుకుని, దగ్గరివాళ్ళతోనే గడపాలనుకుంటాడని ఆవిడ తేల్చింది. అలా తగ్గించుకున్నవాళ్ళు సంతోషంగానే ఉంటారట. అంటే ఇద్దరు చాలు. సున్నా చాలదు. కాలువలు కట్టేసిన నెలల్లో అక్కడ చూడడానికి ఏమీ ఉండదనకండి, జూన్‌లో మొదటి నీళ్ళు తలుపుల కిందనుంచి బుసకొడుతూ వస్తుంటే చూడడానికి ఇద్దరైనా ఉండాలి కదా.

చివరిగా ఒకటి. మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. అందులో పిల్లల మాటలున్నాయి, మనవడి మాట ఉంది, వీడియోలో వాళ్ళ మాట ఉంది. మీ ఆవిడ మోకాళ్ళున్నాయి. ఆవిడ మాట ఒక్కటీ లేదు. రోజంతా మీకు పది అడుగుల దూరంలో ఉన్న మనిషి ఆవిడే. ఏసీ మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు, ఆటో మాట్లాడే ముందు, ఆవిడకి ఎక్కడికి వెళ్ళాలనుందో అడగండి. ‘నాకేం కోరికలున్నాయి, మీ ఇష్టం’ అంటారు, మేమందరం మొదట అలాగే అంటాం. రెండోసారి అడగండి. ఆవిడ ఏం చెప్పారో నాకు రాయండి.